పగటి నిద్రకు పెట్టుబడి

ఆమె మా ఆఫీసుకు సాయం అడగడానికి వచ్చి, అడగకుండానే నిద్రపోయింది.

మేడ్చల్‌లో టైర్ల షాపు పైన ఉండేది మా ఆఫీసు. ఒక వాడలో నలుగురు కలిసి ఏదైనా పెట్టుకుని, దాని మేలు ఆ వాడకే అందేలా నడుపుకుంటామని వస్తే, వాళ్ళకు మొదటి పెట్టుబడి ఎక్కడ దొరుకుతుందో వెతకడం మా పని. వాళ్ళ తరఫున బ్యాంకులకూ, కంపెనీల సేవా నిధులకూ, దాతల ఇళ్ళకూ తిరిగేవాళ్ళం. తిరిగేది ఇద్దరమే. మా సార్ బ్యాంకులో చేసి రిటైరైన మేడ్చల్ మనిషి. నేను కోస్తా నుంచి వచ్చి, కొంపల్లి వైపు కొత్తగా లేచిన కాలనీలో స్థిరపడ్డదాన్ని. ఇప్పుడు నేనూ రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "మీరు చేసినవాటిలో పెద్ద ప్రాజెక్టు ఏది మేడం?" అని అడుగుతారు. పెద్దది ఏదో నాకు నిజంగా గుర్తులేదు. కళ్ళు మూసుకుంటే కనిపించేది మాత్రం ఇదొక్కటే.

అది ఎండలు ముదిరే కాలం. ఒక ఉదయం, ముప్పై దాటిన ఒకామె భుజాన సంచితో మెట్లెక్కి వచ్చింది. సార్ ఫోన్‌లో ఉన్నారని కూర్చోమన్నాను. మంచినీళ్ళు తెచ్చేసరికి గోడకు తల ఆనించి నిద్రపోతోంది. కునుకు కాదది. చెరువులో దిగిన మనిషి మెల్లగా నీటి అడుగుకు చేరుకున్నట్టు, ముఖంలోంచి ఒక్కొక్క గీతా జారిపోతోంది. సార్ ఫోన్ పెట్టేసి వచ్చి, ఆమెను చూసి, నన్ను చూసి, చప్పుడు కాకుండా మళ్ళీ తన కుర్చీలోకి వెళ్ళిపోయారు. కింద టైర్లకు గాలి కొట్టే మిషన్ ఆగి ఆగి మోగుతోంది. హైవే మీద లారీలు పోతున్నాయి. ఏ చప్పుడూ ఆమెను తాకడం లేదు. ఆ పూట మేమిద్దరం కాగితాలు కూడా నెమ్మదిగా తిప్పాం.

లేచాక చాలా సిగ్గుపడింది.

"అయ్యో, లేపద్దా మేడం?"

"మంచి నిద్రలో ఉన్నారు, లేపబుద్ధి కాలేదు. చెప్పండి, ఏం కావాలి?"

"పండుకునే జాగ కావాలె."

సార్ కళ్ళజోడు సర్దుకున్నారు. "ఇండ్ల జాగ గావాల్నంటె ఎమ్మార్వో ఆఫీసుకు పోవాలమ్మా. అది మా తోటి కాదు."

"ఇండ్ల జాగ కాదు సారూ. పగటీలి పండుకునే జాగ. నైట్ డ్యూటీ జేసేటోళ్ళం మస్తుమందిమి ఉన్నం. పొద్దుగాల ఇంటికొస్తె నిద్ర వట్టది. అందరం గల్సి ఒక జాగ వెట్టుకుంటం. తలా ఇంత ఏసుకోని మేమే నడుపుకుంటం. సురూ జేసెతందుకే పైసలు లెవ్వు."

సూరారంలో ఉంటుంది. ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని. వాడలో అందరూ వదినె అని పిలుస్తారు. మాకూ ఆ పిలుపే అలవాటైంది.

మర్నాడు మధ్యాహ్నం వాళ్ళ సందుకు వెళ్ళాం. రేకుల కప్పు కింద ఒక్కో గది, గదికో కుటుంబం. ఎదురింట్లో టీవీ, పక్కింట్లో మిక్సీ, సందు చివర వెల్డింగు షాపు, ఆకుకూరల బండి మైకు, పిల్లల లొల్లి. ఆ మోతలో, ఆ వేడిలో, రాత్రంతా నిలబడి పనిచేసి వచ్చిన ఆడవాళ్ళు నిద్రను ముక్కలు ముక్కలుగా ఏరుకుంటున్నారు. అన్నం ఉడికేలోగా ఒక ముక్క. నీళ్ళ ట్యాంకర్ వచ్చేలోగా ఇంకొకటి.

వదినె మమ్మల్ని తన తోటికోడలి దగ్గరికి తీసుకెళ్ళింది. యారాలు అని పరిచయం చేసింది. అక్కడ తోటికోడలిని అలాగే అంటారు. ఆ అమ్మాయి కుడిచేతికి రెండు వేళ్ళు లేవు.

"చిన్నదానికి పండ్లొస్తుండె మేడం. పగలంత ఏడుసుడే. వరుసవెట్టి కన్ను మూయలె," అంది. "మిషిన్ల చెయ్యి వోతాంటె గూడ కల వడుతున్ననేమో అనుకున్న."

 ఆమే లేచి మాకు టీ పెట్టింది.

వదినె అప్పటికే జాగా చూసి పెట్టుకుంది. రెండు సందుల అవతల వాళ్ళ చర్చి. దాని మీద ఒక పొడుగాటి హాలు. ఆదివారం తప్ప ఖాళీ. పాస్టర్‌ను వాళ్ళు అయ్యగారు అంటారు. ఆయన సరేనన్నా, సంఘ పెద్దల్లో కొందరు ప్రార్థన చేసే చోట నిద్రేమిటని అడ్డం తిరిగారట. అయ్యగారు నవ్వుతూ మాకు చెప్పారు: "ఆదివారం నేను ప్రసంగం జెప్తుంటె ఎంతమంది పండుకుంటలేరు? నేనెవరినన్న లేపిన్నా? గీ మాట అడిగిన. ఇగ ఎవ్వరూ మాట్లాడలే."

హాలు దొరికింది. కానీ పైకప్పు వేడికి అడ్డం కావాలి, కూలర్లు కావాలి, కరెంటు పోతే ఇన్వర్టర్, ఇంకో బాత్రూము, పరుపులు. కింది గదిలో పసిపిల్లల్ని చూసుకోవడానికి ఇద్దరు అవ్వలు సిద్ధంగానే ఉన్నారు. నడపడానికి అయ్యే ఖర్చు సభ్యులు వారం వారం ఇచ్చేదానితో సరిపోతుంది. మొదలు పెట్టడానికి కావలసిందే లేదు. మా పని అక్కడ మొదలైంది.

అంతకుముందు నేను ఎన్నింటికో పెట్టుబడి అడిగాను. కుట్టు మిషన్లకు, పిండి గిర్నీలకు, విస్తరాకులకు అడిగాను. నిద్రకు అడగడం అదే మొదలు. బ్యాంకు మేనేజరు, "ఇంతకీ వీళ్ళు తయారుచేసేది ఏమిటండీ?" అన్నారు. "నిద్ర," అన్నాను. ఆయన నవ్వారు. నవ్వుతూనే ఒక పెద్ద ఆవలింత తీశారు. ఒక సేవా సంస్థ ఆవిడ, "పచ్చళ్ళు పెట్టించరాదూ? ఆడవాళ్ళ పచ్చళ్ళకు మా దగ్గర నిధి ఉంది," అంది. అప్పటికే మా చేతుల మీదుగా ఊరగాయలు ఎంత తయారయ్యాయంటే, మేడ్చల్ మండలం మొత్తం ఏడాది పొడుగునా తిన్నా మిగులుతాయి. ఒక ఫ్యాక్టరీ మేనేజరు తలుపు వేసి మరీ మాట్లాడాడు. "మంచి ఆలోచనేనండీ. కానీ మేం డబ్బిస్తే, మా వర్కర్లకు నిద్ర చాలడం లేదని మేమే ఒప్పుకున్నట్టు కాదా?"

సార్ బ్యాంకు మనిషి కదా, లోపం పేరులో ఉందనుకున్నారు. ఒకరోజు కూర్చుని 'శ్రామిక మహిళా ఆరోగ్య ఉత్పాదకతా కేంద్రం' అని కొత్త పేరు పెట్టారు. నాకూ బాగుందనిపించింది. వదినెకు చదివి వినిపిస్తే శ్రద్ధగా విని, "గదంటె ఏంది సారూ?" అంది.

"గదంటె మీ పండుకునే ఇల్లే."

"మరి పండుకునే ఇల్లని రాయరాదుండ్రి? పొద్దుగాల డ్యూటీ దిగినోళ్ళు గంత పేరు సదివేసరికి నిద్ర వోతది."

ఆ పేరు కొట్టేశాం.

శామీర్‌పేట చెరువు దగ్గర ఫామ్‌హౌస్ ఉన్న ఒక దాత కలుస్తానంటే ముగ్గురం వెళ్ళాం. ఆయన ఇంకా రాలేదని కాపలా మనిషి చెబితే కట్ట మీదికి నడిచాం. అంత నీరు ఒక్కచోట నేను చూసి చాలా రోజులైంది. నీటి మీద ఎండ పలుచటి రేకులా తేలుతోంది. దూరంగా ఒక తెల్లకొంగ కదలకుండా నిలబడి ఉంది. రింగురోడ్డు మీద బండ్ల చప్పుడు అక్కడికి చేరేసరికి ఎవరో పక్క గదిలో మాట్లాడుకుంటున్నట్టు ఉంది. వదినె చెప్పులు విప్పి రాతి మీద కూర్చుంది.

"చిన్నప్పుడు మా ఊర్ల, అత్వెల్లిల, మా అవ్వ ఒళ్ళె పండుకునేదాన్ని మేడం. ఎప్పుడు నిద్రవట్టిందో ఎర్కలేదు, ఎప్పుడు లేసిననో ఎర్కలేదు. గిప్పుడు నిద్ర వట్టేది గూడ ఎర్కైతాంది. నిచ్చెన దిగినట్టు ఒక్కొక్క మెట్టు సూసుకుంట దిగాలె. నడుమల ఎవడో బెల్లు గొడ్తడు. మల్ల పైకి."

గాలి వీస్తోంది. సార్ కూడా చెప్పులు విప్పారు. ఆ కట్ట మీద మేం ఎంతసేపు ఉన్నామో తెలియదు. దాత ఆరోజు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. కానీ ఆ మధ్యాహ్నం దండగైందని నాకెప్పుడూ అనిపించలేదు.

ఈలోగా వాళ్ళు ఆగలేదు. చాపలు పరుచుకుని, అడిగి తెచ్చుకున్న ఫ్యాన్లతో హాలులో పడుకోవడం మొదలుపెట్టారు. మొదట్లో అన్నీ తప్పులే. వెలుగు రాకూడదని కిటికీలకు నల్ల పరదాలు కడితే హాలు కొలిమిలా కాగి, ఆడవాళ్ళు చెమటతో తడిసి బయటికొచ్చారు. తడిపిన గోనెపట్టాలు కడితే కొంచెం నయం. తర్వాత ఫోన్ల గొడవ. ఒక్కొక్కరూ ఒక్కో వేళకు అలారం పెట్టుకోవడంతో ఒకరి కోసం అందరూ లేచేవాళ్ళు. చివరికి ఫోన్లన్నీ కిందే వదిలి రావాలన్నారు. ఎవరిని ఎప్పుడు లేపాలో యారాలు గుర్తుపెట్టుకునేది. ఫ్యాక్టరీ ఆమెను మళ్ళీ తీసుకోలేదు. ఆ హాలు వాకిలి దగ్గర కూర్చోవడమే ఆమె కొత్త పని. రెండు వేళ్ళు లేని ఆ చేత్తో పాదం మీద మెల్లగా తట్టి లేపేది. ఎవరూ ఉలిక్కిపడేవాళ్ళు కాదు.

చివరికి నగరంలోని ఒక నిధి సంస్థ మా మాట పూర్తిగా వింది. వాళ్ళ అధికారి ఒకాయన స్వయంగా చూడటానికి వస్తానన్నాడు. సార్ ఆనందం పట్టలేక ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు.

ఆయన వచ్చింది పొద్దెక్కాక. నైట్ షిఫ్టు వాళ్ళు వచ్చి, తిని, పడుకుని ఎంతోసేపు కాలేదు. ఆయన మంచివాడే. మెట్ల కింద బూట్లు విప్పాడు. పిల్లల గదిలో అవ్వలతో మాట్లాడాడు. అన్నీ చూసి, "చాలా బాగుంది. ఇప్పుడు లబ్ధిదారుల్ని ఇద్దరు ముగ్గుర్ని పిలిస్తే వాళ్ళతో మాట్లాడి చిన్న వీడియో తీసుకుంటాను," అన్నాడు.

వాకిలి దగ్గర యారాలు పక్కన నిలబడి ఉన్న వదినె పెదవుల మీద వేలు పెట్టింది. "పండుకున్నరు సార్. పొద్దూకి లేస్తరు. అప్పటిదాంక ఉండుండ్రి, చాయ్ తాగుతరు."

"అంతసేపు కుదరదమ్మా. రేపే మా కమిటీ. వాళ్ళ మాట లేకుండా నేను ఏం చూపించను? పది నిమిషాలు లేపండి, మళ్ళీ పడుకుంటారు."

"పండుకోరు సార్. ఒకపాలి లేస్తె మల్ల నిద్ర వట్టది. గట్లనే పోయి రాత్రంత మిషిన్ల కాడ నిలవడాలె."

ఆయనకు కోపం రాలేదు. మా వైపు చూశాడు.  ఎన్ని నెలలుగానో తిరిగిన తిరుగుడంతా ఆ వాకిట్లో నిలబడి ఉంది. సార్ గొంతు తగ్గించి బతిమాలినట్టే అన్నారు. "వదినె, అందరొద్దు. ఒక్కరిని లేపు. ఒక్కరే. గీ ఒక్కనాడు లేస్తె మీ అందరికి రోజూ నిద్ర దొరుకుతది గదా."

అది న్యాయమైన మాటే. ఇప్పటికీ నాకు అలాగే అనిపిస్తుంది.

వదినె తలుపు వారగా తీసింది. "మీరే సెప్పుండ్రి సారూ. ఎవర్ని లేపాలె?"

లోపల తడి గోనెల వాసన, మసక వెలుతురు. ఫ్యాన్ల గాలికి పరదా అంచు లేస్తూ, పడుతూ ఉంది. వరుసగా పడుకున్న ఆడవాళ్ళు. ఒకామె ముడి విడిపోయిన జుట్టు పక్కామె చాప మీద పరుచుకుంది. ఒకమ్మాయి చెయ్యి నిద్రలోనే ఏదో పెట్టె మూస్తున్నట్టు కదిలి ఆగింది. అన్ని ఊపిర్లూ కలిసి ఒకే ఊపిరిలా ఉన్నాయి. సార్ ఒక్కొక్క ముఖాన్నీ చూసుకుంటూ పోయారు. ఆ చివరి దాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చారు. తర్వాత తల అడ్డంగా ఊపి వెనక్కి జరిగారు.

అధికారి కూడా చూశాడు. చాలాసేపు చూశాడు. "నాకు అర్థమైందండీ," అన్నాడు గుసగుసగా. "కానీ కమిటీకి దీన్ని ఎలా చెప్పను?"

 ఆయన చప్పుడు కాకుండా మెట్లు దిగి, కింద విప్పిన బూట్లు చేత్తోనే పట్టుకుని నడిచాడు. గేటు కిర్రుమనకుండా పైకెత్తి పట్టుకుని మూసి వెళ్ళాడు. వారం తిరక్కముందే, మీ ప్రతిపాదన మా ప్రమాణాలకు సరిపోలేదని మర్యాదగా తెలియజేశారు.

అధికారి వచ్చిపోయిన ఆ సాయంత్రమే లేచినవాళ్ళకు సంగతి తెలిసింది. మెచ్చుకుంటారనుకున్నారా? ఒక అమ్మాయి వదినె మీద ఒంటికాలి మీద లేచింది. "నన్ను లేపితె ఏమైతుండె? ఒక్కనాడు నిద్రలేకుంటె సస్తనా? వచ్చిన పైసలు వాపస్ పంపినవు!"

వదినె సంచి భుజాన వేసుకుంది. ఆరోజు ఆమె పడుకోనే లేదు. అలాగే డ్యూటీకి వెళ్ళిపోయింది. ఆమె తీరని తప్పు చేసిందేమోనన్న అనుమానం నాతో పాటు ఇంటిదాకా వచ్చింది.

మర్నాడు పొద్దున ఏదో పని మీద మా ఎదురు ఫ్లాటుకు వెళ్ళాను. కాలింగ్ బెల్ మీద ప్లాస్టరు అంటించి ఉంది. ఎప్పటినుంచో ఉంది, నేనే పట్టించుకోలేదు. గోటితో తలుపు తట్టాను. ఆవిడ తలుపు తీసి, పెదవుల మీద వేలు పెట్టింది.

"మా వాడు ఇప్పుడే పడుకున్నాడండీ," అంది గుసగుసగా. "వీళ్ళ ఆఫీసు రాత్రిళ్ళు కదా. కుక్కరు కూడా పెట్టను పది దాటేదాకా. చెత్త బండి వాడికి విజిల్ వెయ్యొద్దని చెప్పాను."

నేను వచ్చిన పని మర్చిపోయి అక్కడే నిలబడ్డాను. మా కాలనీలో ఇలాంటి ఇళ్ళు ఎన్ని! కూతురో, అల్లుడో, కొడుకో రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చుని, పగలు ఏసీ గదిలో పరదాలు వేసుకుని పడుకుంటారు. బయట తల్లులు పిల్లి అడుగులు వేస్తూ ఆ నిద్రకు కాపలా కాస్తుంటారు. పగటి నిద్ర అంటే ఏమిటో తెలిసినవాళ్ళ కోసం ఊరంతా తిరిగాను. వాళ్ళు నా గుమ్మానికి ఎదురుగా ఉన్నారు.

శుక్రవారం మా కాలనీ ఆడవాళ్ళు పారాయణకు కలుస్తారు. అది అయ్యాక, ప్రసాదం తింటుండగా సూరారం సంగతి చెప్పాను. అధికారి వచ్చిన రోజు సంగతీ చెప్పాను.  ఒకావిడ అడిగింది, "చర్చి హాలు కదండీ మరి?"

నా ఎదురింటావిడే అందుకుంది. "పడుకోవడానికి ఏ హాలైతే ఏంటండీ? మా వాడు ఒక్కరోజు సరిగ్గా పడుకోకపోతే సాయంత్రానికి మనిషి మనిషిలా ఉండడు. వీళ్ళేమో మిషన్ల దగ్గర నిలబడాలి." నా వైపు తిరిగి, "లేపలేదు చూశారా, ఆ అమ్మాయి! తల్లి చేసే పని అది. నా వాటా రాసుకోండి," అంది.

దానం కాదు, వాటాలే. లాభం తీసుకోని సభ్యులుగా చేరారు. నడక కుదిరాక ఎవరి వాటా వాళ్ళకు తిరిగి ఇచ్చేస్తామని వదినె వాళ్ళే పట్టుబట్టారు. ఒకావిడ భర్త కరెంటు శాఖలో రిటైరైన ఇంజనీరు. వైరింగు, ఇన్వర్టరు ఆయన నెత్తిన వేసుకున్నాడు. అన్నిటికీ సరిపోలేదు. కానీ మొదటి పెట్టుబడి అంటూ చేతికి వచ్చాక, మిగతాది అడగడానికి మళ్ళీ ఆ బ్యాంకుకే వెళ్ళాం. మేనేజరు ఈసారి నవ్వలేదు. ఇంతమంది తమ సొంత డబ్బు పెట్టారంటే ఇందులో ఏదో ఉందని, మిగతాది అప్పుగా ఇచ్చారు. బయటికొచ్చాక సార్ నాతో, "ఎవలో ఒకరు మొదలు నమ్మాలమ్మా. అంతే. నేను ఇన్నేండ్లు కుర్చీకి అటు దిక్కున కూసోని గిది తెలుసుకోలేదు," అన్నారు.

పిల్లలూ, మీరు తయారుచేసే పత్రాలు మా కాలం కంటే చాలా అందంగా ఉంటున్నాయి. అందులో తప్పులేదు. నేను చెప్పేది ఇంతే: మీ మాట ఎవరికీ అర్థం కానప్పుడు, మాట మార్చే ముందు, దాన్ని ముందే ఎరిగినవాళ్ళు ఎక్కడున్నారో కాస్త చూడండి. వాళ్ళ దగ్గర పెద్ద నిధులు ఉండకపోవచ్చు. మొదటి అడుగుకు అవి అక్కర్లేదు కూడా.

ఆ ఇల్లు ఇప్పటికీ నడుస్తోంది. వాటాలు తిరిగిచ్చేశారు. ఇంకో వాడలోనూ ఒకటి మొదలైంది. ఆరోజు వదినె మీద విరుచుకుపడ్డ అమ్మాయే అక్కడ పెద్ద. వదినె నైట్ డ్యూటీలోనే ఉంది. ఈ కథకు బాగుంటుందని ఆమె జీవితం అమాంతం మారిపోయిందని రాయలేను. కాకపోతే ఇప్పుడు ఎప్పుడు కలిసినా నా ముందు ఆవలించదు.

ప్రారంభం రోజు సంగతి ఒకటి చెప్పాలి. అతిథుల వీలు చూసి ఉదయం పెట్టుకున్నాం. తీరా అందరూ చేరేసరికి, ఎవరి కోసం ఇదంతా చేశామో వాళ్ళు డ్యూటీ దిగి వచ్చి నిద్రపోయారు. మైకు లేదు, చప్పట్లు లేవు. అయ్యగారు మెట్ల మీద నిలబడి పెదవులు కదిలీ కదలకుండా ప్రార్థన చేశారు. మా కాలనీ ఆడవాళ్ళు పట్టుచీరలతో మెట్ల మీదే వరుసగా కూర్చుని, గుసగుసలాడుకుంటూ మిఠాయి తిన్నారు. అవతల సందులో ఎక్కడో వెల్డింగు మోత వినిపిస్తోంది గానీ, ఆ మెట్ల మీద మాత్రం గాలి కూడా మెల్లగా నడుస్తున్నట్టుంది.

మా ఎదురింటావిడ, "ఒక్కసారి చూడొచ్చా?" అని అడిగింది. యారాలు తలుపు తీసింది. ఆవిడ గాజులు చప్పుడు కాకుండా పైకి తోసుకుని లోపలికి వెళ్ళింది. చాలాసేపటికి గానీ రాలేదు. మేం ఏమైందోనని చూస్తున్నాం.

వచ్చి నా పక్కన కూర్చుంది. చెవి దగ్గరికి వంగి మెల్లగా అంది:

"కూలర్ గాలి సూటిగా తగులుతోందండీ, ఆ చివరి అమ్మాయికి. దుప్పటి తన్నేసుకుంది. కప్పి వచ్చాను."